ఇంట్లో చేసిన రాగి వాటర్ బ్లాక్: 86 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది, ఏం మార్చాలి?

రాగిబిళ్ల

అందరికీ నమస్కారం. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్ కోసం రాగితో వాటర్ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చుని, దాని వేడిని లోపల పారే నీళ్లకి అందించే బిళ్ల) చేశాను. నడుస్తోంది గానీ వేడి అనుకున్నంత దిగట్లేదు. ఒక మూల నుంచి చెమ్మ కూడా వస్తోంది. కొలతలన్నీ ఇస్తున్నాను, తప్పెక్కడుందో చెప్పండి.

అడుగు పలక 60 × 60 మి.మీ. రాగి, మందం 8 మి.మీ. చుట్టూ 3 మి.మీ. తీసేసి మధ్యలో 30 × 23 మి.మీ. దిమ్మె నిలిపాను. ఆ దిమ్మెలో 1 మి.మీ. స్లిట్టింగ్ కట్టర్‌తో (సన్నని రంపపు చక్రం) 11 గాడులు, 3 మి.మీ. లోతున, 30 మి.మీ. పొడవునా కోశాను. అంటే 12 రెక్కలు, ఒక్కోటి 1 మి.మీ. మందం. రెక్కల కింద 5 మి.మీ. రాగి మిగిలింది.

మూత 15 మి.మీ. అక్రిలిక్. లోపల 44 × 36 మి.మీ. గుంట, 5 మి.మీ. లోతు. నీళ్లు ఒక చివర దిగి రెండో చివర నుంచి పోతాయి, రెండూ జీ1/4 (పైపు మర కొలత) మరలే. 2 మి.మీ. రబ్బరు తాడుతో ఓ-రింగ్ (నీళ్లు కారకుండా మూత కింద పెట్టే వలయం) చేశాను. దాని గాడి 1.8 మి.మీ. లోతు, 3 మి.మీ. వెడల్పు. నాలుగు మూలల్లో ఎం4 స్క్రూలు.

పంపు ఒక నిమిషంలో 3 లీటర్లు పోస్తోంది (మొత్తం లూప్, అంటే పంపు, బ్లాకు, రేడియేటర్ కలిపే గొట్టాల చుట్టు, బిగించి, తిరిగొచ్చే గొట్టాన్ని కొలపాత్రలో పెట్టి చూశాను). నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్ 240 మి.మీ.ది, పాత సీల్డ్ కూలర్ (కంపెనీలోనే నీళ్లు నింపి మూసేసినది) నుంచి తీసింది. గది 30, నీళ్లు 38, ప్రాసెసర్ 142 వాట్ల దగ్గర 86 డిగ్రీలు.

గాడులు మరీ లావైపోయాయా? 0.5 మి.మీ. కట్టర్ తెచ్చి మళ్లీ కోయాలా? అడుగు 5 మి.మీ. ఎక్కువా?

మిల్లింగ్‌చక్రం

రాగిబిళ్ల గారూ, కట్టర్ అప్పుడే ముట్టుకోకండి. మీరిచ్చిన అంకెల్లోనే సగం జవాబు ఉంది.

గదికీ నీళ్లకీ తేడా 8 డిగ్రీలు. ఇది రేడియేటర్ వాటా, అక్కడ లోటు లేదు. నీళ్లకీ ప్రాసెసర్‌కీ తేడా 48. ఈ 48 మొత్తాన్నీ మనం బ్లాక్ మీదకి తోసేస్తాం, కానీ అందులో చాలా భాగం ప్రాసెసర్ లోపలే ఖర్చవుతుంది. 5800ఎక్స్‌లో కోర్లన్నీ ఉన్న చిప్లెట్ (సిలికాన్ ముక్క) సుమారు 80 చదరపు మి.మీ., అంటే 9 × 9 అంత ముక్క. పూర్తి లోడు మీద ఆ 142 వాట్లలో ఎక్కువ భాగం ఆ కాస్త చోటు నుంచే బయటికి రావాలి. అక్కడి నుంచి పై లోహపు కప్పునీ, కప్పుకీ బ్లాకుకీ మధ్య పూసే థర్మల్ పేస్టునీ దాటేసరికే చాలా డిగ్రీలు అయిపోతాయి. ఈ చిప్ కొనుక్కున్న బ్లాకుల కింద కూడా 80లలో తిరుగుతుంది. అనుమతించిన గరిష్ఠం 90. కాబట్టి 60 డిగ్రీలు చూడాలనుకుంటే ఏ రెక్కలూ మీకు ఆ అంకె ఇవ్వలేవు.

ఇక బ్లాక్ వాటా ఎంతో విడిగా కొలవండి. పలక అంచు నుంచి, అడుగు నుంచి 2.5 మి.మీ. ఎత్తులో, 2 మి.మీ. డ్రిల్‌తో మధ్యవైపు ఒక రంధ్రం వేయండి. 25 మి.మీ. లోతు వస్తే చాలు. రాగి జిగురుగా పట్టేస్తుంది, తురుము బిట్ గాడిలో ఇరుక్కుంటే అది పుటుక్కున విరిగి లోపలే ఉండిపోతుంది. ప్రతి 2 మి.మీ.కీ బయటికి తీసి తురుము దులిపి, నూనె వేసి మళ్లీ దించండి. ఆ రంధ్రంలో కాస్త థర్మల్ పేస్ట్ పెట్టి కె-టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) దూర్చండి. అప్పుడు 48 రెండు ముక్కలవుతుంది: ప్రాసెసర్ నుంచి రాగి దాకా ఒకటి, రాగి నుంచి నీళ్ల దాకా ఒకటి. మొదటిది పెద్దదైతే పేస్టు, సమతలం, బిగింపు చూసుకోవాలి. రెండోది పెద్దదైతే రెక్కలు, నీటి దారి.

అడుగు మందం సంగతి. 20 × 20 మి.మీ. మేర వేడి దిగుతోందనుకుంటే, 142 వాట్లకి 5 మి.మీ. రాగిలో పోయేది నాలుగున్నర డిగ్రీలు. దాన్ని 3 మి.మీ. చేస్తే రెండు డిగ్రీలు కూడా తగ్గవు. పైగా చిన్న చిప్లెట్ నుంచి వచ్చే వేడి పక్కలకి పరుచుకోడానికి ఆ మందమే ఆధారం. పలుచన చేస్తే మధ్య రెక్కలే పనిచేస్తాయి, అంచు రెక్కలు ఊరికే ఉంటాయి. దాన్ని అలాగే ఉంచండి. (ఇత్తడి అయితే లెక్క వేరు, దాని వాహకత రాగిలో మూడో వంతు కూడా ఉండదు.)

నాకు నిజంగా అనుమానం ఉన్నది మీ గుంట మీద. 5 మి.మీ. లోతు గుంటలో 3 మి.మీ. రెక్కలు. అంటే రెక్కల తలల మీద 2 మి.మీ. ఖాళీ. పక్కలకి చూస్తే 36లో 23 పోగా అటూ ఇటూ ఆరున్నర మి.మీ. చొప్పున మరో ఖాళీ. 11 గాడుల మొత్తం కోత 33 చదరపు మి.మీ. పైన ఖాళీ ఒక్కటే 46, పక్కలవి కలిపితే వంద దాటుతుంది. నీళ్లు సులువైన దారి వెతుక్కుంటాయి. 1 మి.మీ. సందులోకి దూరడం కన్నా విశాలమైన వీధిలో పోవడమే వాటికి సుఖం. మీ 3 లీటర్లలో చాలా భాగం రెక్కల్ని తాకకుండానే వెళ్లిపోతోంది.

కొత్త మూత చేయకముందే దీన్ని పరీక్షించవచ్చు. 2 మి.మీ. అసిటాల్ (గట్టి ప్లాస్టిక్) షీటు 30 × 23 కోసి రెక్కల మీద పెట్టండి. పక్కలకి 6.5 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. ఎత్తు, 30 మి.మీ. పొడవు ముక్కలు రెండు దూర్చండి. అప్పుడు నీళ్లన్నీ గాడుల్లోంచే పోవాలి. నిమిషానికి 3 లీటర్లంటే 33 చదరపు మి.మీ.లో సెకనుకు మీటరున్నర వేగం వస్తుంది. పై ముక్క కొలత మాత్రం జాగ్రత్త. 2.1 ఉంటే మూత ఓ-రింగ్ మీద కూర్చోదు. 1.95 దాకా ఎమరీ పేపర్ మీద రుద్దుకోండి.

ఓరింగ్‌కొలత

కారడం గురించి నేను చెబుతాను. మీ గాడి కొలతే తప్పు.

2 మి.మీ. తాడుకి 1.8 మి.మీ. లోతు ఇచ్చారు, అంటే నొక్కుడు పదో వంతే. ఇలాంటి కదలని మూతకి 20 నుంచి 25 శాతం నొక్కుడు కావాలి. గాడి లోతు 1.5 మి.మీ., వెడల్పు 2.6 చేయండి. తాడు కోత 3.14 చదరపు మి.మీ., గాడి 3.9, ఎనభై శాతం నిండుతుంది. రబ్బరు నలిగి పక్కకి జరగడానికి ఆ మిగిలిన చోటు ఉండాలి. గాడి పూర్తిగా నింపేస్తే మూత కిందికి దిగదు, స్క్రూలు గట్టిగా తిప్పితే అక్రిలిక్ పగులుతుంది.

పాత మూతలో కోసిన గాడిని పూడ్చలేరు కాబట్టి రెండు దారులు. అక్రిలిక్ కింది ముఖాన్ని 0.3 మి.మీ. మేర సమంగా తీసేయడం ఒకటి. అలా చేస్తే గుంట కూడా 4.7 అవుతుంది, పైన చెప్పిన ముక్కల కొలతలు అంతే తగ్గించుకోండి. లేదంటే కొంచెం లావు తాడు, 2.4 మి.మీ.ది. 1.8 లోతుకి నొక్కుడు 25 శాతం, 3 మి.మీ. వెడల్పులో నిండుదనం 84 శాతం. మీకు ఇదే సులువు.

మూలలు ఎలా తిప్పారో రాయలేదు. లోపలి వంపు వ్యాసార్థం తాడు మందానికి మూడు రెట్లన్నా ఉండాలి, 2.4 తాడుకి 7 మి.మీ. పైన. మూల మరీ మొనగా ఉంటే తాడు అక్కడ సాగి సన్నబడుతుంది. సరిగ్గా అక్కడే చెమ్మ కనిపిస్తుంది. తాడు రెండు కొసలూ కొత్త బ్లేడుతో నిటారుగా కోసి, ఒక్క చుక్క సయనోఅక్రిలేట్ జిగురుతో అతికించండి. ఆ అతుకు ఎప్పుడూ తిన్నటి వైపు రావాలి, మూలలోకి వద్దు. తాడు ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) అయితే పెట్రోలియం జెల్లీ రాయకండి, ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు పలచగా చాలు.

60 మి.మీ. మూతకి నాలుగు స్క్రూలు చాలవు. మూలలు నొక్కుకుంటాయి, భుజాల మధ్య అక్రిలిక్ పైకి లేస్తుంది. ప్రతి భుజం మధ్యలో ఇంకోటి వేసి ఎనిమిది చేయండి. ఎం4కి 3.3 మి.మీ. రంధ్రం. రాగిలో ట్యాప్ (మర కోసే పనిముట్టు) కొట్టేటప్పుడు అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. నూనె ధారాళంగా వాడండి.

మూత జీ1/4 పోర్టుల దగ్గర కూడా ఒకసారి చూడండి. ఇది తిన్నటి మర, ఏటవాలు మర కాదు. నీళ్లని ఆపేది ఫిట్టింగ్ మెడ కింద ఉండే ఓ-రింగ్, అది ఆనే ముఖం. డ్రిల్ 11.8 మి.మీ.; రంధ్రం నోటి దగ్గర లోతైన చాంఫర్ (ఏటవాలు అంచు) తీస్తే ఓ-రింగ్‌కి ఆనుకునే చోటే ఉండదు. మరకి టెఫ్లాన్ టేపు చుట్టి గట్టిగా తిప్పితే అక్రిలిక్ చీలుతుంది. చేత్తో బిగించి, ఇంకో పావు చుట్టు, అంతే.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఈ మూత తుడిచే అలవాటుంటే మానేయండి. మరల చుట్టూ సన్నని వెంట్రుకవాసి పగుళ్లు లేస్తాయి. సబ్బునీళ్లు చాలు.

మిశ్రలోహం

ఇద్దరూ బ్లాకు గురించే చెప్పారు, నాకు భయమేసింది మాత్రం రేడియేటర్ చూసి. సీల్డ్ కూలర్ల రేడియేటర్లు మామూలుగా అల్యూమినియంవి. మీ బ్లాకు రాగి. రెండూ ఒకే నీళ్లలో ఉంటే అది బ్యాటరీ లాంటిదే, అరిగిపోయేది అల్యూమినియం. డిస్టిల్డ్ వాటర్ పోసినంత మాత్రాన ఆగదు. లోపలి నుంచి అయాన్లు చేరుతూనే ఉంటాయి. కొన్నాళ్లకి తెల్లటి, బూడిద రంగు జెల్లీ లాంటిది పుట్టి మీ 1 మి.మీ. గాడుల్లో పేరుకుంటుంది. రేపు 0.5 మి.మీ. గాడులు కోస్తే ఇంకా తొందరగా పూడతాయి. చివరికి రేడియేటర్ గొట్టానికి సూదిబెజ్జం పడుతుంది.

ఫిట్టింగ్ మెడ దగ్గర పెయింట్ కొంచెం గీకి చూడండి. తెల్లటి లోహం కనిపించి, చాకుతో సులువుగా గీత పడితే అల్యూమినియం. కింద ఎర్రగా గానీ పసుపుగా గానీ కనిపిస్తే రాగి-ఇత్తడి. అయస్కాంతంతో తేలదు, మూడింటికీ అది అంటుకోదు.

అల్యూమినియమే అయితే రాగి-ఇత్తడి రేడియేటర్‌కి మారండి. అందాకా తప్పదనుకుంటే, అల్యూమినియానికి రక్షణ ఇచ్చే కారు కూలెంట్ తయారీదారు చెప్పిన పాళ్లలో కలపండి. తుప్పును నెమ్మదింపజేస్తుంది, ఆపదు. నాచు కోసం కాపర్ సల్ఫేట్ వేసే అలవాటు కొందరికి ఉంది. అల్యూమినియం ఉన్న లూప్‌లో అది విషం.

ఇంకొకటి. కారుతోందని వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంట్ పూయకండి. గట్టిపడేటప్పుడు వదిలే అసిటిక్ ఆమ్లం రాగిని పచ్చగా తింటుంది.

రాగిబిళ్ల

చాలా ధన్యవాదాలండీ. గీకి చూశాను, అల్యూమినియమే. రాగి-ఇత్తడి 240 రేడియేటర్ పెట్టి, బ్లాకు విప్పి కడిగాను. గాడుల చివర్లలో బూడిద రంగు పొర అప్పటికే మొదలైంది.

2.4 తాడు, ఎనిమిది స్క్రూలు, మూలలు 8 మి.మీ. వంపుతో మళ్లీ కోశాను. కారడం లేదు.

థర్మోకపుల్ అంకెలు, అదే 142 వాట్లకి:
మార్పులకి ముందు: ప్రాసెసర్ 86, రాగి 52, నీళ్లు 38.
పై ముక్క, పక్క ముక్కలు పెట్టాక: ప్రాసెసర్ 81, రాగి 47, నీళ్లు 38.

అంటే రాగి-నీళ్ల తేడా 14 నుంచి 9కి వచ్చింది. కానీ ప్రాసెసర్-రాగి తేడా 34 అలాగే ఉంది. పేస్టు విప్పి చూస్తే మధ్యలో మందంగా, అంచుల్లో దాదాపు లేనట్టుగా ఉంది. అడుగు మధ్యలో లోపలికి పోయిందా? నీళ్లని మధ్య నుంచి రెక్కల మీదకి చిమ్మే జెట్ ప్లేటు కూడా చేయాలా?

మిల్లింగ్‌చక్రం

అంకెలు చక్కగా తీశారు. ఇప్పుడు తగ్గించగలిగేదంతా 34లో ఉంది, 9లో కాదు. జెట్ ప్లేటు తర్వాత.

పేస్టు మచ్చ చెప్పేది అదే, అడుగు గిన్నెలా ఉంది. ఉక్కు స్కేలు అంచుని అడుగు మీద నిటారుగా నిలబెట్టి వెనక టార్చ్ వేయండి. మధ్యలో వెలుతురు గీత కనిపిస్తే అనుమానం తీరిపోతుంది. అడ్డంగా, నిలువుగా, రెండు కర్ణాల మీదా చూడాలి.

రుద్దేటప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు: మూత బిగించి, ఓ-రింగ్ లోపల ఉండగా, పోర్టులకి బిరడాలు పెట్టి రుద్దండి. స్క్రూలు బిగిసినప్పుడు 5 మి.మీ. రాగి అంచు కొద్దిగా వంగుతుంది. విడి పలకని అద్దంలా చేసి, తర్వాత మూత బిగిస్తే మళ్లీ సమతలం చెడుతుంది. మనకి కావాల్సింది బిగించాక ఉండే ఆకారం.

మందపు గాజు పలక మీద 320 నంబర్ వాటర్ పేపర్ తడిపి పరచండి. అడుగు మీద పర్మనెంట్ మార్కర్‌తో చారలు గీయండి. బ్లాకు మీద చెయ్యి ఆనించి నొక్కకుండా, పక్కల కింది భాగం పట్టుకుని లాగండి. పైనుంచి నొక్కితే ముందు అంచు ఎక్కువ అరిగి అడుగు కుంభంలా గుండ్రబడుతుంది. ఇరవై లాగుళ్లకి ఒకసారి బ్లాకుని 90 డిగ్రీలు తిప్పండి. మార్కర్ చారలు మధ్యలో మిగిలి అంచుల్లో పోతుంటే ఇంకా గిన్నె ఉన్నట్టే. మొత్తం ఒకేసారి మాయమయ్యే దాకా 320 మీదే ఉండండి, తర్వాత 600, చివర 1000. అక్కడ ఆపండి. అద్దంలా మెరవడం కంటికి బాగుంటుంది, వేడికి ఉపయోగం లేదు.

ప్రాసెసర్ కప్పు జోలికి పోకండి. దాన్ని రుద్దితే వారంటీ పోతుంది, మీద రాసిన అక్షరాలు పోతాయి. మీ తప్పు బ్లాకు వైపే ఉంది.

ఓరింగ్‌కొలత

బిగింపు ఎలా చేశారో కూడా చూసుకోండి. ఏఎం4లో (మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్) రంధ్రాలు 90 × 54 మి.మీ. దూరంలో ఉంటాయి. వెనక పలక మరలు 6-32 యూఎన్‌సీ (అంగుళాల కొలత మర). ఎం3.5 స్క్రూ మందం దాదాపు అంతే కాబట్టి రెండు చుట్లు తిరుగుతుంది, తర్వాత మర తినేసి పట్టేస్తుంది. అది చూసి బిగిసిందనుకుంటారు, బ్లాకు మాత్రం ఒక పక్కే నొక్కుకుని ఉంటుంది. నాలుగు స్క్రూలకీ ఒకే రకం స్ప్రింగులు వేసి, కర్ణం వెంబడి ఒక్కో చుట్టు చొప్పున తిప్పండి. స్ప్రింగులన్నీ ఒకే ఎత్తుకి నలిగాయో లేదో స్కేలు పెట్టి చూడండి.

మిల్లింగ్‌చక్రం

జెట్ ప్లేటు గురించి అడిగారు కాబట్టి. 2 మి.మీ. అసిటాల్ ముక్క పై ముఖంలో 22 × 6 మి.మీ. తొట్టె 1 మి.మీ. లోతున తీయండి. దాని అడుగున, గాడులకి అడ్డంగా, 1.5 × 22 మి.మీ. చీలిక కోయండి. గాడుల వెంబడి కోస్తే ఒకటి రెండు గాడులకే నీళ్లు అందుతాయి, అందరూ చేసే తప్పిదం ఇది. కొత్త మూతలో ఇన్‌లెట్ ఆ తొట్టె మీదకి రావాలి. పక్క ముక్కలు తీసేయండి, రెండు చివర్ల నుంచి బయటపడిన నీళ్లకి ఆ పక్క ఖాళీలే అవుట్‌లెట్ దాకా దారి. ఇప్పుడు నీళ్లు గాడిలో 30 మి.మీ. కాక 15 మి.మీ. మాత్రమే నడుస్తాయి, వేడి చోటుని ముందుగా తాకుతాయి.

5800ఎక్స్‌లో చిప్లెట్ కప్పు నడిమధ్యన ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. చీలికని పలక మధ్యకి కాక చిప్లెట్ వైపు కాస్త జరిపితే మంచిది. ఇన్‌లెట్ తిరగబడకుండా చూసుకోండి. ఎదురు దిశలో నడిపితే చీలిక వల్ల లాభం ఉండదు.

ఎంత వస్తుందని అడిగితే, 9లో రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. 0.5 మి.మీ. గాడులతో ఇంకో రెండు. సన్న సందులో నీళ్లు రాగికి దగ్గరగా పోతాయి, తాకే వైశాల్యం కూడా పెరుగుతుంది. కానీ కోత ఓపిక పని: 63 మి.మీ. కట్టర్‌కి నిమిషానికి 200 చుట్లు, ఒక్కో దఫా 1 మి.మీ. లోతు, నూనె ఆగకూడదు. 0.5 మి.మీ. రెక్కని 3 మి.మీ. కన్నా ఎత్తుగా చేసి పెద్ద లాభం లేదు, కొసకి వేడి చేరేలోపే చాలావరకు చల్లబడిపోతుంది. రెక్క ఒకటి వంగితే 0.5 మి.మీ. ఫీలర్ గేజ్ ఆకుని గాడిలో దూర్చి మెల్లగా నిటారు చేయండి. స్క్రూడ్రైవర్‌తో తిప్పితే పక్క రెక్క కూడా వంగుతుంది. అంత సన్న గాడికి లూప్‌లో ఫిల్టర్ తప్పనిసరి.

పంపు మార్చే ఆలోచన ఉంటే వద్దు. 3 లీటర్ల దగ్గర నీళ్లు బ్లాకులోకి వెళ్లి వచ్చేసరికి వేడెక్కేది 0.7 డిగ్రీ మాత్రమే.

రాగిబిళ్ల

రుద్దడం అయింది. మూత బిగించే రుద్దాను. 320 మీదే చాలాసేపు పట్టింది, మధ్య చారలు పోవడానికి. స్క్రూలు కూడా 6-32 కావు, ఎం3.5 వేశాను. వెనక పలక మరలు కొంచెం తినేశాయి, పలక మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు: ప్రాసెసర్ 74, రాగి 47, నీళ్లు 38. 34 కాస్తా 27 అయింది. పేస్టు మచ్చ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సమంగా, పలచగా ఉంది.

జెట్ మూత తర్వాత చూస్తాను. లూప్‌ని మెషిన్‌లో పెట్టి పూర్తిగా మూసేముందు ఏం పరీక్ష చేయాలి?

ఓరింగ్‌కొలత

మొదట గాలి. నీళ్లు లేకుండా గేజ్ ఉన్న చేతిపంపుతో 0.5 బార్ దాకా నింపి అరగంట వదిలేయండి. ముల్లు కదలకూడదు. అంతకు మించి ఎక్కించకండి, అక్రిలిక్‌కీ రేడియేటర్‌కీ మంచిది కాదు. ముల్లు జారితే అతుకుల మీద సబ్బు నురగ రాయండి, బుడగ లేచిన చోటే కారేది.

తర్వాత నీళ్లు. పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకీ, గ్రాఫిక్స్ కార్డుకీ, డ్రైవులకీ అన్ని వైర్లూ పీకేసి పంపుకి మాత్రమే కరెంటివ్వండి. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ ఉండే 16వ పిన్నుని ఏదైనా నల్ల తీగకి కలిపితే సప్లై ఆన్ అవుతుంది. మీ వైర్లన్నీ నల్లవే అయితే రంగు నమ్ముకోకుండా పిన్ నంబరు లెక్కపెట్టుకోండి. బ్లాకు కింద, ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ కాగితం మడిచి పెట్టి 24 గంటలు నడపండి. థర్మోకపుల్ రంధ్రం నోటి దగ్గర కూడా ఒక ముక్క పెట్టండి. డ్రిల్ ఏటవాలుగా పోయి గాడి అడుగుని తాకి ఉంటే తెలిసేది అక్కడే.

మిశ్రలోహం

నింపేముందు లూప్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి. కొత్త రేడియేటర్‌లో సోల్డర్ ఫ్లక్స్ మిగిలి ఉంటుంది, అందులోని క్లోరైడ్ రాగి మీద పచ్చ మచ్చలు పెడుతుంది. వేడి నీళ్లు పోసి, చివర్లు మూసి గట్టిగా ఊపి పారబోస్తే మురికి కళ్లకే కనిపిస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా చేయండి. పాత లూప్ గొట్టాలు కూడా మార్చండి, లోపలి గోడకి ఆ బూడిద పొర అంటుకుని ఉంటుంది. మూడు నెలలకి ఒకసారి అక్రిలిక్ మూతలోంచి గాడుల మొదళ్లు టార్చ్ వేసి చూడండి. రాగి గోధుమ రంగుకి తిరగడం మామూలే. పచ్చగానో తెల్లగానో కనిపిస్తే మాత్రం అదే రోజు నీళ్లు దించేయండి.